డ్రైవరు సీటు కింది పెట్టె

నాకు కరెంటంటే భయం. ఇప్పటికీ స్విచ్చి వేయాలంటే చీరకొంగు వేలికి చుట్టుకునే వేస్తాను. ఇంట్లో పిల్లలు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, వాళ్ళకేం తెలుసు. మా నాన్న చెరుకుతోటలో పంపుసెట్టు స్టార్టరు మీద తడిచేయి వేశాడు, ఆ చేయి మళ్ళీ వెనక్కు తీసుకోలేదు. నేను అన్నం క్యారియరు పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాను. అరవకుండా కూడా మనిషి చచ్చిపోతాడని ఆ రోజే తెలిసింది నాకు.

దాని తరువాత మా అమ్మ ఇంటికి ఉన్న కరెంటు లైను పీకించేసింది. తిరుత్తణి చుట్టుపక్కల ఊళ్ళన్నీ ట్యూబులైట్లు పెట్టుకుంటుంటే మేము కిరసనాయిలు దీపం ముందు కూర్చుని అన్నం తినేవాళ్ళం. అన్న ఎంత గొణిగినా అమ్మ వినలేదు. "చీకటి మనిషిని చంపదు నాయినా" అనేది. అలాంటి ఇంటి నుంచి నన్ను తెచ్చి తిరువళ్ళూరులో ఒక రేడియో మెకానిక్కుకు ఇచ్చి పెండ్లి చేశారు. సంబంధం చూసిన పెద్దమనిషి "కరెంటాఫీసులో పని కాదు కదమ్మా, రేడియోలే కదా" అన్నాడట. ఆయన పుణ్యమా అని నా పని పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టయింది.

వీరరాఘవస్వామి గుడికి పోయే వీధిలో మా ఇల్లు. ముందు గది షాపు, వెనక గది సంసారం. ముందు గదిలో ఎప్పుడూ నాలుగైదు సెట్లు పొట్ట విప్పుకుని పడి ఉండేవి. మా ఆయనకు ఒక అలవాటుంది. సెట్టులోకి కరెంటు వదిలి పరీక్ష చేసేటప్పుడు ఎడమచేయి వీపు వెనక్కు పెట్టుకునేవాడు. రెండు చేతులూ పెడితే కరెంటు ఈ చేతిలో దూరి గుండె మీదుగా ఆ చేతిలోకి పోతుందట. ఒక్క చేయే పెడితే బతికి బయటపడొచ్చట. నాకు ధైర్యం రావాలని చెప్పాడు ఈ మాట, మహానుభావుడు. ఆ రోజు నుంచి నేను వంటింట్లో కూర తిరగమోత పెడుతూ మెడ చాచి చూసేదాన్ని, ఆయన ఎడమచేయి వెనకే ఉందా లేదా అని. ఎన్ని కూరలు మాడినాయో ఆ దేవుడికే తెలుసు.

ఎనభైలు మొదలైన కొత్తలో రేడియోల పని తగ్గింది, కారు స్టీరియోల పని వచ్చింది. టాక్సీ తోలేవాళ్ళంతా మద్రాసులో క్యాసెట్టు ప్లేయరూ, దానికి తోడు సౌండు పెంచే బూస్టరూ కొనుక్కొచ్చి బండికి తగిలించుకునేవాళ్ళు. సౌండు అయితే వచ్చేది. పాట మాత్రం డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు వచ్చేది. ఆ బూస్టర్లు విప్పి, లోపలి సరుకు మార్చి, పాటను పాటలా పలికించడం మా ఆయన పని. నాకు కొంచెం ప్రాణం కుదుటపడింది. కారు బ్యాటరీలో ఉండేది పన్నెండు వోల్టులేనట.

"పన్నెండు వోల్టులు మనిషిని కొట్టదే. సుమ్మా, ఊరికే భయపడొద్దు" అన్నాడు.

కొట్టదన్నాడు గానీ కాల్చదని అనలేదు. నాకు అడగాలని తోచలేదు.

మా అన్న అప్పటికి ఒక పాత కారు కొని తిరుత్తణి స్టేషను దగ్గర బాడుగకు తిప్పుతున్నాడు. నాకంటే పెద్దవాడు, పెండ్లి మాటెత్తితే ముందు బండి నిలబడనీ అనేవాడు. రైలు దిగిన భక్తులను కొండెక్కించి దించడమే పని. "కొండకు వెంట్రుక కట్టి లాగతా ఉండా, వస్తే కొండ, పోతే వెంట్రుక" అని నవ్వేవాడు బండి గురించి. ఒకరోజు ఆ బండిలోనే అమ్మను ఎక్కించుకుని మా ఇంటికి వచ్చి షాపు ముందు ఆపాడు.

"బావా, నా బండిలో పాట పెడితే పాటకంటే ఈలే ఎక్కువ ఇనపడతా ఉండాది. ఇంజను రెయిజు చేస్తే ఈల గూడా రెయిజవతాది. జనం 'పాట్టు పోడుప్పా', పాట పెట్టు అంటారు. పెట్టినాక 'నిరుత్తుప్పా', ఆపేయి అంటారు" అన్నాడు.

"అది డైనమో ఈల. బ్యాటరీకి కరెంటు చేసే డైనమో తిరిగే చప్పుడంతా పాటలోకి దూరతా ఉండాది. దాన్ని తోలేస్తా. సౌండు పెంచేది గొప్ప కాదు బావా, శుభ్రం చేసేదే గొప్ప" అన్నాడు మా ఆయన.

"శుభ్రం చెయ్యి. పెంచు గూడా" అన్నాడు అన్న.

బూస్టరు విప్పి చూసి మా ఆయన మూతి విరిచాడు. లోపల కండెన్సర్లు కందిగింజలంత ఉన్నాయట. వాటిని తీసేసి బొటనవేలంత లావువి వేశాడు. చచ్చిపోయిన ట్రాన్స్‌ఫార్మరు నుంచి ఇనప రేకులు ఊడదీసి, వాటి చుట్టూ రాగి తీగె చుట్టి ఒక చోక్ చేశాడు. ఈల దాన్ని దాటి రాలేదట. వేడికి తట్టుకోలేని ట్రాన్సిస్టర్లు పీకి వేరేవి పెట్టాడు. సన్న వైర్లన్నీ తీసి లావు వైర్లు లాగాడు. అన్నిటినీ ఒక ఇనప పెట్టెలో బిగించి, డ్రైవరు సీటు కింద పెట్టాడు. ఆ పని చేసినన్నాళ్ళూ అన్నా అమ్మా మా ఇంట్లోనే ఉన్నారు.

పెట్టె బిగించిన రోజు ఆయన అన్నకు చెప్పిన మాటలు నాకు బాగా గుర్తు. అమ్మ కూడా అక్కడే ఉంది, తలుపు చాటున. అల్లుడి ఎదురుగా నిలబడడం మా వైపు అత్తలకు అలవాటు లేదు. మాట్లాడాల్సి వస్తే తలుపుతో మాట్లాడినట్టు మాట్లాడతారు.

"బావా, బాగా ఇను. ఇప్పటి బండ్లకు బాడీ ఇనుమంతా మైనసు. నీది పాత మాడలు, బాడీ అంతా ప్లస్సు. నా పెట్టె ఇనుము మైనసు. ఈ రెండు ఇనుములూ తాకినాయంటే బ్యాటరీలో ఉండే కరెంటంతా ఆ తావనే పారతాది. అందుకే చెక్క మింద పెట్టి, చెక్క కింద సైకిలు ట్యూబు కోసి పరిచినా. ఈ పెట్టె తావకు ఇంకేదీ పోగూడదు. ఒకేళ ఏదన్నా అయితే ఈ ఫ్యూజు కాలిపోతాది, కరెంటు నిలిచిపోతాది. ఫ్యూజు కాలితే నువ్వేం చెయ్యొద్దు, నా తావకు రా."

"సరి బావా" అన్నాడు అన్న. పాట ఎప్పుడు పెడతావా అని వాడి కళ్ళన్నీ ప్లేయరు మీదే ఉన్నాయి.

తలుపు వెనక నుంచి అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "బిడ్డ కూచునే తావ కిందనేనా ఆ కరెంటు?" అంది మెల్లగా. నాకూ అదే భయం. ఆ పెట్టె చేసింది నా మొగుడు, దాని మీద కూర్చునేది నా అన్న. వాడికి ఏమన్నా అయితే ఇక నాకు పుట్టినిల్లు ఉండదు. ఏ మొహం పెట్టుకుని ఆ గడప తొక్కను?

అప్పుడే మా ఆయన క్యాసెట్టు తోశాడు. నాదస్వరం. నేను దాన్ని పెండ్లిళ్ళలో విన్నాను, గుళ్ళో విన్నాను. ఇలా వినలేదు. వాయించేవాడు స్వరానికీ స్వరానికీ మధ్య ఊపిరి లాగుకోవడం కూడా వినబడింది. అన్న ఇంజను గట్టిగా రేపాడు. ఈల లేదు. మా ఆయన కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకు వాల్చి నవ్వాడు. భయంలో కూడా నాకు గర్వం వేసింది, అబద్ధం చెప్పను.

అన్న బండి స్టేషను దగ్గర పేరు తెచ్చుకుంది. పాట వినడానికే ఆ బండి ఎక్కేవాళ్ళట. మిగతా టాక్సీవాళ్ళు కూడా తమ బూస్టర్లు మోసుకుని మా షాపుకు వచ్చారు. కొన్ని నెలలు అలా బాగానే గడిచాయి. తరువాత ఒకసారి అన్న వచ్చినప్పుడు, ఫ్యూజు రెండు మూడు మార్లు కాలిందని మాటల్లో అన్నాడు. మా ఆయన చేతిలో పని వదిలేసి లేచాడు.

"బండి తీసుకురా, ఇప్పుడే చూస్తా."

"ఇప్పుడు బండి యాడ తెచ్చేది బావా, స్టేషను తావ నిలిపి రైల్లో వచ్చినా. సీజను గదా, పొద్దంతా బాడుగలే. సరి చేసుకుంటినిలే, ఇప్పుడు కాలడం లేదు."

"కాలకపోతేనే నాకు కవలై" అన్నాడు మా ఆయన. అన్న నవ్వేసి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. కాలితే భయం సరే, కాలకపోతే ఏం భయమో నాకు అర్థం కాలేదు. అర్థం కాని భయం ఇంకా పెద్దది.

నా కూతురికి తిరుత్తణి కొండ మీద పుట్టువెంట్రుకలు తీయిస్తామని మొక్కు ఉంది. బిడ్డ నడక నేర్చుకుంది, ఇక ఆలస్యం చేయకూడదని అమ్మ తొందరపెట్టింది. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి తీయించాలి కాబట్టి అన్న బండిలోనే పోవాలని అనుకున్నాం. అన్న అమ్మను ఎక్కించుకుని పొద్దున్నే తిరువళ్ళూరు వచ్చాడు. మా ఆయన షాపులో ఎవరిదో మైకుసెట్టు ఆ పూటే ఇచ్చేయాలి, అరక్కోణంలో రైలు మారి వచ్చి కలుస్తానన్నాడు. బండి కదిలేముందు వంగి సీటు కిందికి చూడబోయాడు. అన్న హారను కొట్టి, "మూర్తం దాటిపోతాది బావా, కొండ మింద చూడు తీరిగ్గా" అని బండి తీశాడు.

ముందు సీట్లో అన్న పక్కన అమ్మ. వెనక నేనూ బిడ్డా. కనకమ్మసత్రం దాటాక కూడా పాట మోగుతూనే ఉంది. బిడ్డ సీటు మీద నిలబడి ఊగుతోంది. తిరుత్తణి ఊరు దాటి బండి కొండ దారి పట్టి ఏటవాలుగా ఎక్కుతుండగా నాకు వాసన వచ్చింది.

"అన్నా, ఏదో కాలతా ఉండాది."

"నీకు దినామూ ఏదో ఒకటి కాలతానే ఉంటాది" అన్నాడు.

రబ్బరు వాసన. పాట ఒక్కసారిగా గొంతు పట్టేసినట్టు ఆగిపోయింది. అన్న ప్లేయరు మీద తట్టాడు. సీటు కింద నుంచి పొగ తెల్లగా, నెమ్మదిగా, సాంబ్రాణి వేసినట్టు లేచింది. తరువాత నల్లగా వచ్చింది. అమ్మ కాళ్ళు పైకి లాక్కుంది. నాకు చెరుకుతోట కనబడింది. అంతే, ఇంకేమీ కనబడలేదు. నాన్న అరవలేదు కాబట్టి నేనే అరిచాను. అరుస్తూనే తలుపు గడియ లాగాను. అది రాలేదు. మళ్ళీ లాగాను. ఎలా వచ్చిందో వచ్చింది, బిడ్డను ఎదకు కరుచుకుని రోడ్డు మీద పడ్డాను.

అన్న బండి ఆపి అమ్మను అవతలి తలుపు నుంచి తోసేశాడు. చక్రాల కింద రాయి పెట్టమని నడిచిపోయే కావడి జనానికి కేకలేశాడు. బానెట్టు ఎత్తి బ్యాటరీ దగ్గర వైరు పట్టి లాగాడు. ఆ వైరు ఎర్రగా ఉంది, నేను చూశాను. వాడు రెండు చేతులతో పట్టుకుని లాగాడు. అది ఊడేవరకూ వదల్లేదు. బ్యాటరీ ముందే ఉంది, పెట్రోలు బండిలోనే ఉంది, నా అన్న ఆ రెంటి మధ్య వంగి ఉన్నాడు. నేను దేవుడికి దండం పెట్టలేదు. "వదులు అన్నా, వదులు" అంటూనే ఉన్నాను. నాన్న వదల్లేకపోయాడు. వీడు వదిలాడు. తరువాత జనం మట్టి పోసి మంట ఆర్పారు.

సీటు కాలింది. బండి మిగిలింది. అన్న అరచేతులు రెండూ తోలు ఊడిపోయాయి. సర్కారు ఆస్పత్రిలో తెల్లగుడ్డ చుట్టి పంపారు. ఆ చేతులతో బిడ్డను ఒళ్ళో పెట్టుకునేది ఎలా? వెంట్రుకలు తీయించకుండానే అమ్మ మమ్మల్ని వెనక్కు పొమ్మంది.

అంతకుముందే మా ఆయన రైలు దిగి, విషయం విని, కొండ దారిలో బండి దగ్గరికి పరుగున వెళ్ళాడట. పెట్టె బయటికి లాగి చాలాసేపు దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడని అక్కడ ఉన్నవాళ్ళు చెప్పారు. ఆస్పత్రికి వచ్చినప్పుడు ఆయన మొహం బూడిద రంగులో ఉంది. అన్న కట్లు కట్టిన చేతులు ఎత్తి చూపించాడు.

"చూసుకో బావా, నీ శుభ్రమైన సౌండు."

మా ఆయన సంగతి నాకు తెలుసు. తను అతికించిన ఒక్క లెడ్డు చుక్కను తప్పంటే పొద్దంతా వాదించే మనిషి. అలాంటి మనిషి తల దించుకుని, "తప్పు నాదే బావా" అన్నాడు. అంతే. ఏం తప్పో, ఎలా జరిగిందో చెప్పలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాదించి ఉంటే కొంచెమైనా ఆశ ఉండేది. నేను భయపడినట్టే జరిగిందని తేలిపోయింది. అమ్మ గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

ఆ తరువాత అన్న మా గడప తొక్కలేదు. తిరుత్తణి టాక్సీవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ బూస్టర్లు తీసుకుపోయారు, పని పూర్తి కానివి కూడా. "వాని చెయ్యి పడితే బండి కాలతాది" అనే మాట తిరువళ్ళూరు దాకా వచ్చింది. షాపులో మళ్ళీ పాత రేడియోలే మిగిలాయి. నేను ఊరుకున్నానా? లేదు. అన్నం పెడుతూ తిట్టాను, నీళ్ళు తోడుతూ తిట్టాను. మా అన్న చేతులు చూసినావా అన్నాను. ఆయన తినేసి షాపులోకి పోయేవాడు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ భయపెట్టింది బిడ్డ జుట్టు. మొక్కుకున్న జుట్టు, దేవుడికి ఇచ్చేదాకా కత్తెర పెట్టకూడదు. మేనమామ వస్తే గానీ ఇవ్వలేం. మేనమామ రాడు. అది పెరుగుతూనే ఉంది. నొసటి మీద పడింది, కళ్ళ మీద పడింది. పైకి దువ్వి చిన్న పిలక కట్టాను. అమావాస్యకు గుడికి వచ్చే ఆడవాళ్ళు మా అరుగు మీద కాళ్ళు చాపుకుని, "ఇంకా తీయించలేదా? మొక్కు బాకీ పెట్టకూడదమ్మా" అని చెప్పి పోయేవాళ్ళు. వాళ్ళు పోయాక నేను బిడ్డ ఒళ్ళు తాకి చూసేదాన్ని, వేడిగా ఉందేమోనని. రోజూ తాకి చూసేదాన్ని. ఎండలు ముదిరిన కాలంలో ఒకరోజు నిజంగానే వేడిగా ఉంది.

జ్వరం తగ్గలేదు. డాక్టరు మందు ఇచ్చాడు, వేసిన కాసేపు దిగి మళ్ళీ ఎక్కేది. బిడ్డ కళ్ళు తెరవడం లేదు, చెమటకు వెంట్రుకలన్నీ మొహానికి అతుక్కుపోయాయి. పుట్టింటికి కబురు పంపాను. మధ్యాహ్నం వేళ షాపు ముందు అన్న బండి ఆగింది. అన్న దిగలేదు. చేతులు స్టీరింగు మీద పెట్టుకుని ఎదరికే చూస్తూ కూర్చున్నాడు. డ్యాష్‌బోర్డులో ప్లేయరు ఉండే చోట ఖాళీ బొక్క ఉంది. అమ్మ ఒక్కతే లోపలికి వచ్చింది.

ఆమె బిడ్డ పక్కన కూర్చుని మొహం మీది వెంట్రుకలు ఒక్కొక్కటే తీసి వెనక్కు పెట్టింది. చాలాసేపు అదే పని. తరువాత లేచింది. షాపులో పని చేసుకుంటున్న మా ఆయన ఎదురుగా పోయి నిలబడింది, తలుపు చాటు లేకుండా. నేను ఎప్పుడూ చూడలేదు అలా. ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు.

"ఇంగ చాలు నాయినా. నువ్వు మోసింది చాలు" అంది. వీధిలోకి నడిచింది. నేను వెంటపడ్డాను.

అమ్మ కారు కిటికీ దగ్గర నిలబడి నడుముకు దోపుకున్న చిన్న మూట విప్పింది. అందులో ఒక రాగి రేకు. గీతలూ అక్షరాలూ చెక్కి ఉన్నాయి. ఒక అంచు కరిగి, ఎలుక కొరికినట్టు ఉంది.

"నాయినా, బండి కాల్చింది బావ కాదు. నేను" అంది.

"ఏందిమా నువ్వు చెప్పేది?" అన్నాడు అన్న.

"కొండ కింద తాయెత్తులు కట్టే సామి ఇచ్చినాడు ఈ యంత్రం. కరెంటు గండం తప్పిస్తాదన్నాడు. ఎవురికీ చెప్పొద్దు, చెప్తే ఫలించదన్నాడు. బావ ఆ పొద్దు చెప్పినాడే, కరెంటంతా ఆ పెట్టెలోనే ఉండాదని. మీ నాయిన మాదిరి నువ్వు గూడా పోతావని నా గుండె కొట్టుకునింది. పసుపుగుడ్డలో చుట్టి పెట్టెకూ సీటు ఇనుముకూ నడాన సందులో దూర్చినా. అది అడ్డం ఉంటే కరెంటు నీ మీదికి రాదనుకుంటి."

అమ్మ ఆగలేదు, ఆగితే మళ్ళీ చెప్పలేనని భయం కాబోలు.

"గుడ్డ ఉన్నన్నాళ్ళూ ఏమీ కాలేదు. బండి అదురుకు గుడ్డ అరిగి, రేకు రెండు ఇనుములకూ తగిలుంటాది. ఆస్పత్రి తావ నీ చెల్లెలు బిడ్డకు పాలు తాపతా ఉంటే, బావ వచ్చి దీన్ని నా చేతిలో పెట్టి, నా మొగం చూడకుండా పోయినాడు. అప్పుడే తెలిసింది నాకు. చెప్పేదానికి భయపడితి. నిన్ను చూస్తే భయం, అల్లుని చూస్తే ఇంకా భయం, ఎప్పుడు బయటపెడతాడో అని. ఇప్పుడు బిడ్డకు జరమొచ్చింది. ఇంగ భయపడేదానికి నా తావ ఏమీ మిగల్లేదు."

గుమ్మం పట్టుకున్నాను. ఇన్ని నెలలు నేను తిట్టిన తిట్లన్నీ ఆయన మింగింది ఇందుకా అనుకున్నాను. అన్న స్టీరింగు మీద నుంచి చేతులు తీసి, మచ్చలు కట్టిన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. తరువాత కారు దిగి, అమ్మ భుజం పట్టుకుని, ఆమెతోపాటు లోపలికి వచ్చాడు. మా ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు, ఎడమచేయి వీపు వెనక.

"బావా, పెట్టె ఇప్పినప్పుడు ఫ్యూజు గూడా చూసుంటావే" అన్నాడు అన్న.

"చూస్తి."

"సిగరెట్టు పెట్టెలో వచ్చే వెండి పేపరు చుట్టినా దానికి. ఊరకే కాలతా ఉండె, పాట నిలిచిపోతా ఉండె. చుట్టితే ఇంగ కాలదని స్టాండులో చెప్పినారు."

"అదీ చూస్తి బావా."

"మల్ల ఏంటికి చెప్పలేదు?"

మా ఆయన చేతిలో ఉన్న సోల్డరింగ్ ఐరను స్టాండులో పెట్టాడు. "ఎవురి పేరు చెప్పేది? అత్త పేరు చెప్తే ఆమె తాళదు. నీ పేరు చెప్తే, అమ్మ ఉండే బండిని నేనే కాల్చినానే అని నువ్వు తాళవు. నా పేరయితే మీ చెల్లెలు తిడతాది. అది నాకు అలవాటే గదా."

అమ్మ నేల మీద కూర్చుండిపోయి ఏడ్చింది. అన్న బిడ్డ మంచం పక్కకు పోయి, ఆ మచ్చల చేయి దాని నొసటి మీద ఆనించి, ఆ మధ్యాహ్నమంతా అక్కడి నుంచి లేవలేదు. బిడ్డ మందుకు కోలుకుందో, మొక్కు తీరబోతుందని కోలుకుందో మీరే అనుకోండి. అమ్మ అయితే రెండో మాటే అంటుంది.

జ్వరం తగ్గి బిడ్డ మళ్ళీ నడిచాక కొండకు పోవాలని నిశ్చయించాం. అప్పుడు అన్న ఒక మెలిక పెట్టాడు. పెట్టె మళ్ళీ పెడితేనే బండి తీస్తానన్నాడు.

"పెట్టె లేకుండా నేను కొండెక్కితే స్టాండులో అందరూ తప్పు నీదే అనుకుంటారు బావా. నువ్వు చేసిన పెట్టెతోనే ఎక్కాల. పాట ఇనపడాల."

"నా బిడ్డను పెట్టుకుని మీకు పంతాలా" అన్నాను నేను. ఒక్కరూ వినలేదు. మా ఆయన కొత్త పెట్టె చేశాడు. ఈసారి పెట్టె చుట్టూ చెక్క తొడుగు వేశాడు, ఇనుమనేది వేలికి కూడా అందకుండా. వైరు మార్చాడు. ఫ్యూజును చిన్న డబ్బాలో పెట్టి మూత బిగించాడు. అన్న కొత్త ప్లేయరు తెచ్చాడు. నేను మాత్రం బండి కనబడితే బిడ్డను ఎత్తుకుని లోపలికి పోయేదాన్ని.

ఆ రోజు అందరం కలిసే బయలుదేరాం. ముందు అన్న, పక్కన మా ఆయన. వెనక నేను, అమ్మ, మా మధ్య బిడ్డ. నా చేయి తలుపు గడియ మీదే ఉంది, తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా. ముక్కుతో వాసన పడుతూనే ఉన్నాను. కొండ దారి మొదలయ్యే చోట అమ్మ, "ఆపు నాయినా" అంది.

బండి ఆగింది. అమ్మ దిగింది. ముందు తలుపు తీయించి, అన్నను కొంచెం పక్కకు జరగమని, రోడ్డు మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది. పాట మోగుతోంది, అంటే పెట్టెలో కరెంటు ఉంది. ఇంటికి కరెంటు లైను పీకించిన మనిషి, ఎన్నడూ ఒక్క స్విచ్చి తాకని మనిషి, కొంగు చుట్టుకోకుండా ఒట్టి చేయి సీటు కిందికి పెట్టింది. మా ఆయన వద్దనలేదు. ఆమె పెట్టె చుట్టూ, చెక్క పక్కన, ఇనుము పక్కన, సందు సందూ తడిమింది.

చేయి బయటికి తీసి అరచేయి చూసుకుంది. దుమ్ము ఉంది, అంతే.

"ఏమీ లేదు. పో నాయినా" అంది.

బండి కాలిన మలుపు దాటాం. కొండ మీద బిడ్డ మేనమామ ఒళ్ళో కూర్చుని గుక్కపట్టి ఏడ్చింది, వాడు ఆ మచ్చల చేతులతో దాని తల కదలకుండా పట్టుకున్నాడు, అంత జుట్టూ కింద కుప్పపడింది. అన్న ఆ బండి అమ్మేసేదాకా అమ్మ ఎప్పుడు అందులో ఎక్కినా, ఎక్కకుండా ఇంటి ముందు నిలబడి సాగనంపినా, ముందు వంగి ఆ సీటు కింద చేయి పెట్టి చూసేది. ఏమీ లేదని తెలిశాకే పొమ్మనేది.